పోయేదేమిటో ముందు రాయండి

(ఒడిశాలోని బరంపురంలో తెలుగువారు నడిపే సహకార సంఘాల, పాఠశాలల నిర్వాహకుల సమావేశంలో ఒక విశ్రాంత బ్యాంకు అధికారి చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప మరేమీ తీసివేయలేదు.)

సభలోని పెద్దలకు, సంఘాల సెక్రటరీలకు, డైరెక్టర్లకు, పాఠశాల కమిటీల నుంచి వచ్చిన మిత్రులకు నమస్కారం. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల నుంచి ఇంతమంది ఉదయం బస్సులు పట్టుకుని వచ్చారు కాబట్టి మిమ్మల్ని ఉపోద్ఘాతంతో విసిగించను. సంస్థలో వ్యూహాత్మక మార్పును ఎలా ప్రణాళిక వేసుకోవాలి, దాన్ని ఎలా నడిపించాలి అన్నది నాకు ఇచ్చిన అంశం. దీని మీద నేను చెప్పదలచిన మాట ఒక్కటే, మిగిలిన ప్రసంగమంతా ఆ మాటకు సాక్ష్యాలు. మార్పు వల్ల ఎవరికి ఏమి వస్తుందో రాసే ముందు, ఎవరికి ఏమి పోతుందో రాయండి. మళ్లీ చెబుతున్నాను. పోయేది ముందు రాయండి, వచ్చేది తరువాత రాసుకోవచ్చు.

ముందుగా వ్యూహాత్మక మార్పు అని దేన్ని అంటున్నామో తేల్చుకుందాం. ఆఫీసుకు కొత్త బీరువా కొనడాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు. సంస్థ ఎవరి కోసం పనిచేస్తున్నది, ఏ ఆదాయంతో బతుకుతున్నది, నిర్ణయం ఎవరి చేతిలో ఉన్నది, ఈ మూడింటిలో ఏ ఒక్కటి మారినా అది వ్యూహాత్మక మార్పే. పంట రుణాలు మాత్రమే ఇస్తూ వచ్చిన సంఘం ధాన్యం సేకరణకు, ఎరువుల అమ్మకానికి దిగితే అటువంటి మార్పు జరిగినట్లు. సావుకారు ద్వారా చీరలు అమ్ముకునే నేతవారు సంఘం పేరు మీద సొంతంగా అమ్ముకోవాలని తీర్మానిస్తే అదీ అటువంటిదే. పిల్లలు తగ్గిపోతున్న తెలుగు మాధ్యమ పాఠశాల ఇంగ్లీషు మాధ్యమం పెట్టి, తెలుగును ఒక సబ్జెక్టుగానైనా నిలుపుకుందామని ఆలోచిస్తే, అంతకంటే పెద్ద మార్పు ఆ పాఠశాలకు మరొకటి ఉండదు.

ఇటువంటి నిర్ణయం తీసుకున్నప్పుడు మన పాలకవర్గాలు ఏం చేస్తాయి? ఒక కాగితం తయారు చేస్తాయి. అందులో ఆశయం ఉంటుంది, లక్ష్యాలు ఉంటాయి, ఖర్చు ఉంటుంది, రాబోయే లాభాల పట్టిక ఉంటుంది. సర్వసభ్య సమావేశంలో ఆ కాగితం చదువుతారు, అందరూ చేతులెత్తుతారు, ఫలహారం చేసి ఇళ్లకు వెళతారు. ఆరు నెలలు గడిచినా ఏమీ కదలదు. అప్పుడు పాలకవర్గం నోట ఒక మాట వస్తుంది: "మనవాళ్లకు మార్పు అంటే భయమండీ." మీలో ఎంతమంది ఈ మాట అనలేదు? ఎంతమంది వినలేదు?

ఈ మాట నాకు నచ్చదు. సాఫ్ట్‌వేరు వద్దని మొండికేసిన సెక్రటరీయే తన ఇంటి కరెంటు బిల్లును ఫోనులో కడుతున్నాడు కదా! కొత్త పద్ధతిలో అమ్మకాలు వద్దన్న నేతగాడే తన కూతురి చేత చీరల ఫొటోలు తీయించి వాట్సాప్‌లో బంధువులకు పంపుతున్నాడు. వీళ్లకు మార్పు అంటే భయమని ఎలా అంటాం? హార్వర్డులో నాయకత్వ పాఠాలు చెప్పిన రొనాల్డ్ హైఫెట్జ్ ఈ సంగతిని సూటిగా చెప్పారు. జనం ఎదిరించేది మార్పును కాదని, దానితో తమకు కలిగే నష్టాన్నని ఆయన అన్నారు. నాలుగు దశాబ్దాలు బ్యాంకు కౌంటరుకు అటూ ఇటూ నిలబడిన మనిషిగా ఆ మాటకు నేను సాక్ష్యం చెప్పగలను.

మన బ్యాంకుల కథే తీసుకోండి. 1983లో రిజర్వు బ్యాంకు అప్పటి డిప్యూటీ గవర్నరు డాక్టర్ సి. రంగరాజన్ అధ్యక్షతన బ్యాంకుల యాంత్రీకరణ మీద ఒక కమిటీని నియమించింది. ఆయన తరువాత ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చి, కొంతకాలం ఒడిశా గవర్నరు బాధ్యతలు కూడా చూశారు కాబట్టి, సరిహద్దుకు రెండు వైపులా ఉన్న మనకు ఆ పేరు కొత్తది కాదు. అదే సంవత్సరం బ్యాంకు యాజమాన్యాల సంఘానికి, ఉద్యోగ సంఘాలకు మధ్య యంత్రాల వాడకం మీద ఒప్పందం కుదిరింది. ఏ పనికి యంత్రం పెట్టవచ్చు, ఎంతవరకు పెట్టవచ్చు అన్నది కూర్చుని మాట్లాడుకున్న తరువాతే బ్రాంచిల్లో ఈ కొత్త యంత్రాలు విస్తరించాయి. ఇప్పటి యువకులకు ఇది నత్తనడకలా కనిపించవచ్చు. అసలు అప్పుడు పోయేదేమిటో వాళ్లకు తెలియదు కనుక అలా కనిపిస్తుంది.

ఆ రోజుల్లో ఒక సీనియర్ గుమాస్తా అంటే ఎవరు? జూన్ నెలాఖరుకు, డిసెంబరు నెలాఖరుకు అర్ధ సంవత్సరపు వడ్డీ లెక్కలు తేలాలి. ప్రతి లెడ్జరు, అంటే ఖాతాల పుస్తకం, మొత్తం బ్రాంచి లెక్కలన్నీ కలిపి రాసే జనరల్ లెడ్జరుతో సరిపోవాలి. సరిపోకపోతే ఆ తేడా దొరికేదాకా రాత్రి ఎంత పొద్దుపోయినా బ్రాంచిలో దీపాలు ఆరేవి కావు. అప్పుడు ఆ సీనియర్ గుమాస్తా వచ్చి తేడా ఎంత అని అడిగేవాడు. అది తొమ్మిదితో భాగిస్తే శేషం లేకుండా పోయే సంఖ్య అయితే, ఎవరో అంకెలు తారుమారు చేసి రాశారని, 54 రాయవలసిన చోట 45 రాసి ఉంటారని చెప్పి, ఏ పుటల్లో వెతకాలో చూపించేవాడు. మేనేజరు కూడా ఆయన పక్కన నిలబడి చూసేవాడు. యంత్రం వచ్చిన రోజున ఆయన జీతంలో ఒక్క రూపాయి తగ్గలేదు, ఉద్యోగం పోలేదు. మరి ఏం పోయింది? మేనేజరు తన పక్కన నిలబడి చూడడం పోయింది. ఆ నష్టాన్ని ఏ ప్రణాళికా కాగితంలోనైనా ఎవరైనా రాశారా?

రాయకపోయినా, కొందరు మేనేజర్లు గ్రహించారు. వాళ్లు ఏం చేశారంటే, యంత్రం తీసిన లెక్కను చేతిరాత లెడ్జరుతో పోల్చి చూసే పనిని ఆ గుమాస్తాకే ఒప్పగించారు. కొంతకాలం రెండూ పక్కపక్కన నడుస్తాయి కదా, ఆ కాలంలో యంత్రం సరిగా చేస్తున్నదని సంతకం పెట్టవలసినవాడు ఆయనే. మొదటి నెలల్లో యంత్రంలో ఎక్కించిన ఖాతాల్లో తప్పులు బయటపడ్డాయి, వాటిని పట్టుకున్నదీ ఆయనే. ఆ తరువాత ఆ బ్రాంచిలో యంత్రాన్ని అందరికంటే గట్టిగా సమర్థించినవాడు ఎవరని మీరనుకుంటున్నారు? కొందరు మేనేజర్లు ఇందుకు విరుద్ధంగా కొత్తగా చేరిన కుర్రవాణ్ణి యంత్రం ముందు కూర్చోబెట్టి, పెద్దాయనను ఫైళ్ల గదికి పంపారు. అటువంటి బ్రాంచిల్లో ఎన్నాళ్లు గడిచినా చేతిరాత లెడ్జరు పోలేదు.

ఇక్కడ ఈ ఊరి మనిషిని ఒకరిని తలచుకోకుండా ముందుకు వెళ్లలేను. వి.వి. గిరిగారు 1894లో ఈ బరంపురంలోనే పుట్టారు. రాష్ట్రపతిగా ఆయనను అందరం చెప్పుకుంటాం కానీ, సంస్థలను నడిపేవాళ్లకు పనికివచ్చేది అంతకు ముందరి గిరిగారు. రైల్వే కార్మికుల సంఘాలను కట్టినవాడు, బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా సమ్మె నడిపినవాడు, ఆ తరువాత కేంద్రంలో కార్మిక మంత్రి అయినవాడు. యాజమాన్యము, కార్మికులు తమ తగవును ముందు ఒకరితో ఒకరు కూర్చుని మాట్లాడుకుని తీర్చుకోవాలి గాని, ప్రతిదానికీ ట్రిబ్యునల్ దగ్గరకు పరుగెత్తకూడదని ఆయన వాదించారు. ఆ వాదానికి ఆయన పేరే పెట్టి పిలిచేవారు. 1954లో బ్యాంకు ఉద్యోగుల వేతనాల మీద అప్పీలు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినప్పుడు, మంత్రిగా ఉన్న గిరిగారు రాజీనామా చేశారు. ఆ తరువాత ఆ వ్యవహారాన్ని తేల్చడానికి గజేంద్రగడ్కర్ కమిషన్ పనిచేయవలసి వచ్చింది.

ఎందుకు చెబుతున్నానంటే, బ్యాంకు యంత్రాల ఒప్పందం ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎదుటివాడికి పోయేదేమిటో వాడి నోటితోనే విన్న తరువాత నిర్ణయం చేయాలన్న సంప్రదాయం మన దేశంలో ఉంది, దాన్ని పెంచినవారిలో ఒకరు మన వీధుల్లో తిరిగినవారు. మనం మార్పు నాయకత్వం గురించి తెలుసుకోవడానికి విదేశీ పాఠాల దగ్గరకు వెళ్లవచ్చు, నేనూ వెళుతున్నాను, అయితే ఇంటి దగ్గర ఉన్నదాన్ని దాటి వెళ్లకూడదు.

ఉపన్యాసానికి మూడు, చర్చకు ముప్ఫై రెండు

విదేశీ పాఠం అన్నాను కాబట్టి కుర్ట్ లెవిన్ సంగతి చెప్పాలి. జర్మనీ నుంచి అమెరికా వెళ్లి, 1947లో చనిపోయిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆయన. ఏ సంస్థ అయినా ఉన్నచోటనే ఉండడానికి కారణం రెండు వైపుల నుంచీ బలాలు పనిచేస్తుండడమేనని, ముందుకు తోసేవి కొన్ని, వెనక్కు పట్టి ఉంచేవి కొన్ని ఉంటాయని ఆయన చెప్పారు. తోపును పెంచితే కదలిక వస్తుంది గాని, ఉద్రిక్తత కూడా దానితోపాటు పెరుగుతుంది. పట్టి ఉంచేదాన్ని సడలిస్తే ఉద్రిక్తత లేకుండానే కదలిక వస్తుంది. ఎడ్లబండి చక్రం కింద రాయి పడితే, తెలిసిన బండివాడు ఎడ్లను కొట్టడు, దిగి రాయి తీస్తాడు. మన పాలకవర్గాలు చేసేది ఎక్కువగా కొట్టడమే. సర్క్యులరు మీద సర్క్యులరు, గడువు మీద గడువు.

లెవిన్ రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో చేసిన ఒక ప్రయోగం ఉంది. మాంసం కొరతగా ఉన్న ఆ రోజుల్లో, గుండెకాయ, మూత్రపిండాలు వంటి భాగాలను అక్కడి గృహిణులు వండేవారు కాదు. కొన్ని బృందాలకు వాటి పోషక విలువల మీద మంచి ఉపన్యాసం ఇప్పించారు. మరికొన్ని బృందాలను కూర్చోబెట్టి, ఇంట్లో వాసన గురించి, భర్త పెట్టే మొహం గురించి, తమకున్న అభ్యంతరాలన్నీ వాళ్ల చేతనే చెప్పించి, చివరకు చేతులెత్తించి నిర్ణయం చేయించారు. ఉపన్యాసం విన్నవారిలో నూటికి ముగ్గురు మాత్రం అంతకు ముందెన్నడూ వండనిదాన్ని వండారు. చర్చించి నిర్ణయించుకున్నవారిలో నూటికి ముప్ఫై ఇద్దరు వండారు. నేనిప్పుడు మీకు ఇస్తున్నది ఉపన్యాసమేనన్న సంగతి నాకు తెలుసు. అందుకే దీని మీద పెద్ద ఆశలు పెట్టుకోలేదు, భోజనాల తరువాత మీరు సంఘాలవారీగా కూర్చుని మాట్లాడుకునే కార్యక్రమమే అసలైనదని నిర్వాహకులకు ముందే చెప్పాను.

ఆ ప్రయోగంలో ఒక చిన్న విషయాన్ని గమనించండి. అభ్యంతరాలను ముందు చెప్పించారు. వాసన వస్తుందన్న మాటను అణచివేయలేదు, వాసన రాకుండా ఎలా వండవచ్చో తరువాత చర్చించారు. మన సర్వసభ్య సమావేశాల్లో చేతులెత్తించడం మాత్రం ఉంది, అభ్యంతరం చెప్పించడం లేదు. అభ్యంతరం చెప్పబోయినవాడి వైపు అధ్యక్షుడు ఎలా చూస్తాడో మీకు నేను వర్ణించనక్కరలేదు.

తుఫాను నేర్పిన ప్రణాళిక

ప్రణాళిక అన్న మాటకు వస్తాను. ప్రణాళిక అంటే ఏమిటో మన జిల్లా ఈ దేశానికి చూపించింది, ఆ సంగతి మనమే సరిగా చెప్పుకోము. 1999 అక్టోబరు 29న వచ్చిన మహా తుఫానులో ఒడిశా తీరంలో సుమారు పది వేల మంది చనిపోయారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను మన గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, గాలి వేగం గంటకు రెండు వందల కిలోమీటర్లు మించింది. ఇక్కడున్నవారందరికీ ఆ రాత్రి గుర్తుండే ఉంటుంది. రాష్ట్రంలో సుమారు పది లక్షల మందిని ముందుగానే సురక్షిత స్థలాలకు తరలించారు. ప్రాణనష్టం పదుల సంఖ్యలో ఆగింది. ఇళ్లు పోయాయి, చెట్లు పోయాయి, పంట పోయింది, మనుషులు మిగిలారు.

ఈ పధ్నాలుగు సంవత్సరాల్లో ఏం జరిగింది? 1999 డిసెంబరులోనే విపత్తుల కోసం ప్రత్యేకంగా ఒక రాష్ట్ర సంస్థను ఏర్పాటు చేశారు. 2001లో సహాయక చర్యలకు శిక్షణ పొందిన ప్రత్యేక దళాన్ని తయారు చేశారు. తీరం వెంబడి తుఫాను ఆశ్రయాలు కట్టారు. ఇవన్నీ కనిపించేవి. కనిపించనిదే నాకు ముఖ్యం. ప్రతి ఆశ్రయానికీ ఆ ఊరివాళ్లతోనే ఒక నిర్వహణ కమిటీ ఉంది. భవనాన్ని ఎవరు చూసుకోవాలి, ఎవరు హెచ్చరిక చాటాలి, ఎవరు ముసలివాళ్లను తీసుకురావాలి, ఎవరు ప్రథమ చికిత్స చేయాలి అన్నది ముందే పంచుకుని ఉన్నారు. తుఫాను లేని రోజుల్లో దాన్ని అభినయించి చూశారు. ప్రణాళిక కాగితం మీద ఉండడానికీ, మనిషి కాళ్లలోకి, చేతుల్లోకి దిగడానికీ ఉన్న తేడా అదే. మీ సంఘం మార్పు ప్రణాళికలో తలుపు తాళం ఎవరి దగ్గర ఉంటుందో రాసి ఉందా? అంటే, పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంటుంది, సెక్రటరీ సెలవు పెట్టిన రోజున ఎవరు లావాదేవీని ఆమోదిస్తారు అన్నంత వివరంగా రాసి ఉందా?

ఇక పోయేదేమిటన్న ప్రశ్నకు తిరిగి వస్తే, ఇల్లు వదిలి రమ్మంటే జనం ఎందుకు రారు? తుఫాను వస్తుందని నమ్మక కాదు. ఇంట్లో సామాను దొంగలపాలవుతుందని, పశువులు ఏమవుతాయోనని, ఎవరి పక్కన పడుకోవలసి వస్తుందోనని రారు. ఈ భయాలను మూఢత్వమని కొట్టిపారేసి ఉంటే పది లక్షల మంది కదిలేవారా? కొన్నిచోట్ల పోలీసుల బలమూ వాడవలసి వచ్చిందన్నది నిజమే, అయినా పోలీసులతోనే అంతమందిని కదపలేరు. మరొక సంగతి. ఫైలిన్ సరిగ్గా దసరా రోజుల్లో వచ్చింది. ప్రభుత్వం తన ఉద్యోగుల దసరా సెలవులను రద్దు చేసింది. ఇల్లు వదలమని ఊరికి చెప్పవలసినవాడు ముందు తన పండుగను వదిలాడు. ఈ వరుస గమనించండి, చివరలో మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

ఫైలిన్ విజయాన్ని తలకెక్కించుకోకూడదని కూడా అనుభవమే నేర్పింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, లోపలికి వచ్చి, గజపతి జిల్లా కొండల్లో కుండపోత కురిపించింది. కొండచరియలు విరిగి పడి అక్కడ గ్రామస్థులు చనిపోయారు. తీరం కోసం నేర్చుకున్న పాఠం కొండకు సరిపోలేదు. ఒక మార్పును బాగా చేసిన సంస్థ తరువాతి మార్పును కూడా అదే పద్ధతిలో చేయబోతుంది, అక్కడే దెబ్బ తింటుంది. గజపతి నుంచి వచ్చిన మిత్రులు తల ఊపుతున్నారు, వాళ్లకు నేను చెప్పవలసిన పని లేదు.

ఇప్పుడు కొంచెం వివాదాస్పదమైన మాట. మార్పు నాయకత్వం మీద ఎక్కువ ప్రచారంలో ఉన్న పద్ధతి జాన్ కోటర్‌ది. సంస్థలు మార్పు ప్రయత్నాల్లో ఎందుకు విఫలమవుతాయో 1995లో ఆయన ఒక వ్యాసం రాశారు, అందులో ఎనిమిది తప్పులు చెప్పారు. అందులో మొదటిది, ఇది తక్షణం జరగాలన్న భావనను జనంలో కలిగించకపోవడం. అంటే, మునిగిపోతున్నామని ముందు అందరికీ తెలియజెప్పాలి అన్నమాట. పెద్ద కంపెనీకి అది సరిపోవచ్చు. మన పొదుపు సంఘానికి అది ప్రమాదమని నేను గట్టిగా చెబుతాను. అధ్యక్షుడు మైకు పట్టుకుని "మారకపోతే సంఘం మునిగిపోతుంది" అన్నాడనుకోండి. మరునాడు ఉదయం పది గంటలకు కౌంటరు దగ్గర ఎవరుంటారు? డిపాజిటుదారులు ఉంటారు, పాస్‌బుక్కులు పట్టుకుని ఉంటారు. నమ్మకమే సరుకుగా ఉన్న సంస్థలో భయాన్ని ఇంధనంగా వాడకూడదు. కోటర్ చెప్పిన మిగతావాటిలో నాకు బాగా నచ్చినది, గెలిచామని తొందరపడి ప్రకటించడం తప్పన్న మాట. కొత్త బోర్డు కట్టి, కొబ్బరికాయ కొట్టి, పేపరులో ఫొటో వేయించుకున్న రోజున మార్పు పూర్తయిందనుకునే అలవాటు మనకు బాగా ఉంది.

నేతవారి సంఘం ఉదాహరణ ఒకటి అనుకుందాం. బరంపురం పట్టుకు జి.ఐ. గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు సరుకన్న భౌగోళిక గుర్తింపు ఉంది, కుంభం అంచు చూసి కొనేవాళ్లు దేశమంతా ఉన్నారు. సావుకారుకు ఇచ్చే బదులు సంఘానికే చీరలు ఇవ్వండి, చీరకు ఎక్కువ ధర ఇస్తాం అని సంఘం తీర్మానించింది. లెక్క వేస్తే నేతగాడికి స్పష్టంగా లాభం. అయినా చీకటి పడ్డాక ఆ చీర సావుకారు ఇంటికే వెళుతుంది. ఎందుకు? సావుకారు చీరకు తక్కువ ఇచ్చినా, పట్టు నూలు ముందే ఇస్తాడు. కూతురి పెళ్లికి ముందే డబ్బు ఇస్తాడు. ఇంట్లో జ్వరమొస్తే రాత్రి పదింటికి తలుపు తీస్తాడు. సంఘం ఉదయం పదింటికి తెరిచి సాయంత్రం ఐదింటికి మూస్తుంది, అడ్వాన్సుకు దరఖాస్తు పెట్టుకోమంటుంది, పాలకవర్గం నెలకొకసారి కలుస్తుంది. పాత ఏర్పాటు పైకి కొనుగోలు వ్యాపారంలా కనిపించింది, లోపల అది ఆ కుటుంబానికి అప్పు, బీమా, ఆసుపత్రి ఖర్చు అన్నీ అయి ఉంది. మీరు కొనుగోలును మాత్రమే మార్చారు. మిగిలినవి పోతాయని నేతగాడికి తెలుసు, మీకు తెలియదు. ఈ సంఘం చేయవలసిన మొదటి పని షోరూము తెరవడం కాదు, అత్యవసర అడ్వాన్సు నిధి పెట్టి, చిన్న మొత్తాలను ఆ రోజే ఇచ్చే అధికారాన్ని సెక్రటరీకి ఇవ్వడం. సావుకారును తిట్టే ఉపన్యాసాలు ఎన్ని ఇచ్చినా ఆ తలుపు దగ్గరకు మనిషి వెళ్లడం ఆగదు.

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల కంప్యూటరీకరణ సంగతి చెప్పమని చాలామంది అడిగారు. 2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం దేశంలోని 63,000 సంఘాల కోసం 2,516 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. సగటున చూస్తే సంఘానికి నాలుగు లక్షలకు కొంచెం తక్కువ. అందులో పరికరాలు, సాఫ్ట్‌వేరు, శిక్షణ, పాత లెక్కలు ఎక్కించడం అన్నీ ఉన్నాయి. ఈ నాలుగింటిలో మన ప్రాంతంలో తలనొప్పి తెచ్చేది చివరిది. పాత లెక్కలు అంటే ఏమిటి? 1936 దాకా ఈ గంజాం మద్రాసు రాజధానిలో ఉండేది. ఆ తరువాత కూడా చాలా సంఘాల్లో సభ్యుల పుస్తకాలు తెలుగులో రాశారు. ఆ పుస్తకాలు చదవగలిగిన గుమాస్తాలు రిటైరవుతున్నారు, కొత్తగా వచ్చిన పిల్లలకు ఒడియా వచ్చు, ఇంగ్లీషు వచ్చు, తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. పైగా పేర్లు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. ఒడియా రికార్డులో అది చివరకు వెళుతుంది, ఆధార్‌లో ఒక అక్షరంగా మిగులుతుంది, భూమి పట్టాలో మరొక రకంగా ఉంటుంది. ఒక్క సభ్యుడు మూడు పుస్తకాల్లో ముగ్గురుగా కనిపిస్తాడు. యంత్రానికి ఆ ముగ్గురూ వేరు. బయటి ఏజెన్సీ కుర్రాడికి కూడా ఆ ముగ్గురూ వేరే. ముగ్గురూ ఒకడేనని, వాడు ఫలానా వీధి చివర ఇంట్లో ఉంటాడని చెప్పగలిగినది మీ పాత గుమాస్తా ఒక్కడే.

కాబట్టి ఆయనను రిటైరయ్యే ముందు ఏడాది ఆ పని మీదనే కూర్చోబెట్టండి. అవసరమైతే రిటైరయ్యాక గౌరవ వేతనం మీద పిలవండి. ఆయన పక్కన ఒడియా చదివిన కుర్రవాణ్ణి కూర్చోబెట్టండి. ఆ జాబితా తయారయ్యాక సభ్యులకు చదివి వినిపించి, చనిపోయినవారి వాటా ఎవరికి చేరాలో వారసులను పిలిచి తేల్చండి. ఇదంతా సాఫ్ట్‌వేరు రాకముందు చేయవలసిన పని. సాఫ్ట్‌వేరు వచ్చాక చేయబోతే ధాన్యం సేకరణ నెత్తిన పడుతుంది. మండీలో ధాన్యం బస్తాలతో రైతు నిలబడి ఉండగా, అతని పేరు రికార్డులో లేదని చెప్పే పరిస్థితి మీకు రాకూడదు. కోతల కాలంలో, సంవత్సరాంతపు లెక్కల నెలలో, ఠాకురాణి జాతర రోజుల్లో పెద్ద మార్పు ఏదీ మొదలుపెట్టకండి. ఇది మీకు తెలియదా? తెలుసు. అయినా గడువు పైనుంచి వచ్చిందని మొదలుపెడతారు. గడువు పైనుంచి వస్తే కనీసం ఒక ఉత్తరం రాసి అడగండి, ఇవ్వకపోతే అప్పుడు చూద్దాం.

పాఠశాల కమిటీల మిత్రులకు ఒక్క మాటే చెబుతాను, ఎందుకంటే ఆ విషయం మీద నాకన్నా మీకు ఎక్కువ తెలుసు. మాధ్యమం మార్చేటప్పుడు తెలుగు మాస్టారికి ఏమి పోతుందో ముందు ఆయనను అడగండి. ఆయన పీరియడ్లు పోతాయా, ప్రధానోపాధ్యాయుడయ్యే వరుస పోతుందా, ఊళ్లో ఉత్తరాలు రాయించుకోవడానికి తన దగ్గరకు వచ్చే మనుషులు పోతారా? మూడింటికీ మూడు వేర్వేరు జవాబులు కావాలి.

ఇక చివరి విషయం, నాయకుడి సంగతి. చివర చెబుతానన్న వరుస ఇదే. పోయేవాటి పట్టికలో మొదటి పేరు ఎవరిది ఉండాలి? అధ్యక్షుడిది. మీ సంఘంలో నిర్ణయాలు త్వరగా జరగాలని మార్పు తలపెట్టారు. బాగుంది. చెక్కు మీద మీ సంతకం లేకుండా సెక్రటరీ ఇవ్వగలిగే మొత్తాన్ని మీరు పెంచారా? ఉద్యోగుల నియామకంలో మీ మాట చెల్లే అలవాటును వదులుకుని రాత పరీక్ష పెట్టారా? సర్వసభ్య సమావేశంలో కంప్యూటరు వద్దన్న సభ్యుడిని మరునాడు ఇంటికి వెళ్లి కలిశారా? మీది ఏదీ పోకుండా కింది గుమాస్తా మాత్రం తన ముప్ఫై ఏళ్ల విద్యను వదులుకోవాలని కోరితే, ఆయన మీ ముఖం మీద అనడు. తలూపుతాడు. అల్మారాలో చేతిరాత లెడ్జరును కొనసాగిస్తూ ఉంటాడు.

ఆ లెడ్జరు గురించే చెప్పి ముగిస్తాను. కొత్త పద్ధతి, పాత పద్ధతి రెండూ పక్కపక్కన నడిచే కాలం తప్పనిసరి, అయితే దానికి అంతం ఉండాలి. రెండు పనులు ఒకే జీతానికి చేయించడం నెలల తరబడి సాగితే, అలసిపోయిన మనిషి కొత్తదాన్నే వదిలేస్తాడు, ఎందుకంటే పాతది తప్పు చేయదని అతనికి నమ్మకం. అందువల్ల మార్పు తీర్మానంలోనే రాయండి: వరుసగా ఎన్ని నెలలు రెండు లెక్కలూ పైసాతో సహా సరిపోతే పాత పుస్తకం మూస్తారు, ఆ సరిపోయిందన్న సంతకం ఎవరిది, మూసిన పుస్తకం ఎక్కడ ఉంటుంది, ఎవరు చూడవచ్చు. ఆ సంతకం పాత గుమాస్తాది అయితే బాగుంటుందని ఇప్పటికే చెప్పాను. బైలాలు, అంటే సంఘం నియమావళి, మార్చవలసిన అవసరం ఉన్నచోట మాత్రం సహకార సంఘాల రిజిస్ట్రారు ఆమోదం వచ్చేదాకా ఏ పుస్తకమూ మూయకండి, ఆడిటరు మిమ్మల్నే పట్టుకుంటాడు. ఇప్పుడు ఎవరి సంఘం కాగితాలు వాళ్లు తీయండి, పోయేవాటి పట్టిక మొదలుపెడదాం. ముందుగా హింజిలికాటు వైపు నుంచి వచ్చిన మిత్రులు ఏదో అడగాలని చెయ్యెత్తి ఉన్నారు, అడగండి బాబూ.